సాగర్ గేట్ల దగ్గర నీటి లోతు

శ్రీశైలం నుంచి వరద దిగుతోందని, సాగర్ గేట్లు ఎత్తారని వార్తల్లో చూసి, ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడిని వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ బయలుదేరాను. కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే నాకు నీటి పీడనాన్ని బోర్డు మీద గీసి చూపడం అలవాటే గాని, దాన్ని కళ్ళారా చూడటానికి మన దగ్గర ఇంతకు మించిన చోటు లేదని నా నమ్మకం.

డ్యాము దిగువన వంతెన మీద జనం కిక్కిరిసి ఉన్నారు. 26 గేట్లలో కొన్నింటిని ఐదేసి అడుగులు ఎత్తారు. అందరూ నురగలు కక్కుతూ దూకే నీటినే చూస్తుంటే, నేను మావాడికి బైనాక్యులర్స్ ఇచ్చి మూసి ఉన్న గేట్లను చూడమన్నాను. గేటు పక్క అంచుల్లో, రబ్బరు సీలు దగ్గర, ఏ ప్రాజెక్టులోనైనా కొద్దో గొప్పో నీరు కారుతూనే ఉంటుంది. పైభాగాన అది రేకును అంటుకుని తడిగా జారుతోంది. నడిమికి వచ్చేసరికి సన్నని ధారగా మారింది. అడుగున అదే నీరు రేకును వదిలి బారెడు దూరం చిమ్ముతోంది.

ఆ తేడా అంతా లోతు వల్లనే. ఘనపు మీటరు నీరు టన్ను బరువు ఉంటుంది కాబట్టి, కిందికి దిగిన ప్రతి మీటరుకూ పీడనం చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున పెరుగుతుంది. జలాశయం సముద్రమట్టం నుంచి లెక్కించే 590 అడుగుల పూర్తి మట్టానికి నిండినప్పుడు, 44 అడుగుల ఎత్తున్న గేటు పై అంచున దాదాపు ఏమీ ఉండదు, కింది అంచున చదరపు మీటరుకు 13 టన్నులు దాటుతుంది. 45 అడుగుల వెడల్పున్న ఒక్కో గేటు మీద మొత్తం తోపు, అంటే నీరు నెట్టే బలం, 1,200 టన్నుల పైమాటే. అందులో ముప్పాతిక భాగాన్ని కింది సగమే మోస్తుంది. గేటును వంపుగా చేయడంలోని నేర్పు నన్ను ఎప్పుడూ అబ్బురపరుస్తుంది. నీరు ఏ తలాన్నైనా లంబంగానే నెడుతుంది గనుక, వృత్తపు వంపు మీద పడిన ఆ తోపులన్నీ గేటు తిరిగే ఇరుసు మీదుగా స్తంభాల్లోకి పోతాయి, ఎత్తే యంత్రానికి ప్రధానంగా గేటు బరువు, రాపిడి మాత్రమే మిగులుతాయి. ఎత్తిన గేటు కింద నీరు గంటకు 50 కిలోమీటర్లకు మించిన వేగంతో వస్తూ, తెల్లబడే ముందు కొంత దూరం గాజుపలకలా నున్నగా ఉంటుంది.

“మామయ్యా, శ్రీశైలం దిగువ దాకా ఉన్న నీళ్ళన్నీ ఈ గోడను నెడుతున్నట్టేనా?” అని మావాడు అడిగాడు. కాదన్నాను. గోడ వెనుక ఇంతే లోతున సన్నని కందకం మాత్రమే ఉన్నా, నిలకడ నీటి తోపు ఇంతే ఉంటుంది. 1586లోనే ఫ్లెమిష్ గణితజ్ఞుడు సైమన్ స్టెవిన్ వివరించిన ఈ సంగతి వాడికి వెంటనే మింగుడుపడలేదు. నా విద్యార్థుల్లో చాలామందికీ పడదు. అయితే లోతు రెండింతలైతే మొత్తం తోపు నాలుగింతలవుతుంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఈ రాతికట్టడం, పునాది నుంచి 124 మీటర్లు లేచిన గోడ, కిందికి పోయేకొద్దీ అంతంతగా వెడల్పవడానికి కారణం అదే.

మధ్యాహ్నం నాగార్జునకొండకు లాంచీలో వెళ్ళాం. మా కింద ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ మునిగి ఉంది. 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ జలాశయం గట్టునున్న అనుపుకూ తరలించారు. మరి అడుగున మిగిలిన గోడలు ఆ పీడనానికి నలిగిపోవా అన్నది మావాడి తర్వాతి ప్రశ్న. పది మీటర్ల లోతుకే గాలి పీడనమంత పీడనం అదనంగా తోడవుతుంది, నిజమే. కాని నీటిలో మునిగిన గోడను అన్ని వైపుల నుంచీ నీరే నొక్కుతుంది, రాతి సందుల్లోనూ నీరే ఉంటుంది, అందువల్ల ఒక పక్కకు నెట్టే బలం మిగలదు. డ్యాముకు మాత్రం ఒక వైపు నీరు, మరో వైపు గాలి.

వరద రోజుల్లో సాగర్ వెళ్ళేవారు బైనాక్యులర్స్ తీసుకెళ్ళి, ఎత్తిన గేట్లతో పాటు మూసిన వాటి అంచులను కూడా పైనుంచి కిందిదాకా చూడాలని నా మనవి. నీటిమట్టం 590 అడుగులకు దగ్గరగా ఉన్నప్పుడే ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.