మాలకొండ దారిలో ఎర్ర లైటు

మాలకొండ నరసింహస్వామి శనివారం తప్ప దర్శనమివ్వడు. మిగతా ఆరు రోజులూ దేవతలు, ఋషులు వచ్చి పూజలు చేసుకుంటారని అంటారు. ఆ శనివారం తప్పితే మళ్ళీ వారం ఆగాలి. మా ఇంట్లో అయితే అందరికీ మళ్ళీ సెలవు కుదరాలి, అంటే ఇంకో ఏడాది. అందుకే డాష్‌బోర్డు మీద, ఇంజిన్ మరీ వేడెక్కిందని చెప్పే ఎర్ర లైటు వెలగ్గానే నేను ఇంజిన్ గురించి కాదు, పక్క సీట్లో ఉన్న అమ్మ గురించి భయపడ్డాను.

మే నెల. ఎండ ముదరకముందే చేరుకోవాలని నెల్లూరులో అయిదింటికే బయల్దేరాలనుకున్నాం. ఎర్రకారం దోశ తినందే మా బావమరిది కదలడు కాబట్టి ఏడున్నర అయింది. మా వ్యాను సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, డీజిల్, వయసు పదిహేనేళ్ళ పైమాటే. ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. దాన్ని చూడాలంటే పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు దిగాలి, సీటు ఎత్తాలి, దాని కింద రేకు మూత తీయాలి. పక్క సీట్లో కూర్చునేది మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ. ఆమె దిగడానికి ఒక పీట కూడా వ్యాన్లోనే ఉంటుంది.

ముసునూరు టోల్ దాటి రెండు మూడు కిలోమీటర్లు పోయామో లేదో లైటు వెలిగింది. టోల్‌కు పోసిన డబ్బుతో ఎన్ని దోశలు వచ్చేవో బావమరిదితో లెక్క వేస్తున్నాను. లెక్క ఆగిపోయింది. బండి పక్కకు తీశాను. పీట వేశాం, అమ్మ దిగింది, మూత తీశాం. ఆవిరి లేదు, మాడిన వాసన లేదు. కూలెంట్ డబ్బాలో నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోలేదు. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్ళు మరిగే వేడి దాటినా మరగకుండా ఉంటాయి, మూత తీశామా మొహాన చిమ్ముతాయి. అరగంట ఆగి తాళం తిప్పితే లైటు లేదు. హమ్మయ్య అనుకుని అందరం ఎక్కాం. కిలోమీటరు పోయేసరికి మళ్ళీ ఎర్రగా వెలిగింది.

"ఏందబ్బయా, మళ్ళీ దిగాల్నా?" అంది అమ్మ.

దిగింది. దిగగానే లైటు ఆరింది. అప్పుడైనా నాకు తట్టాల్సింది. తట్టలేదు.

రోడ్డు పక్కన ఒక షెడ్డు కనిపిస్తే ఆపాను. అక్కడి మెకానిక్ ఇంజిన్ వంక సరిగ్గా చూడకుండానే, "థర్మోస్టాట్ పోయింది సార్, పీకి పారేద్దాం. ఎందుకైనా మంచిది, హెడ్ గ్యాస్కెట్ కూడా చూద్దాం" అన్నాడు. మొత్తం ఆరు వేల అయిదు వందలు చెప్పాడు, సాయంత్రం దాకా పడుతుందట. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపేది. అది తీసేస్తే ఇంజిన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు, డీజిల్ తాగుతుంది. ఆ మాట అంటే అతనికి కోపమొచ్చింది. అవసరం లేకపోయినా అర లీటరు కూలెంట్ పోసి మూడు వందలు తీసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది, ఇంజిన్ కన్నా నేనే ఎక్కువ వేడెక్కాను.

మా నాన్నకు మెటడార్ ఉండేది. గేజి ముల్లు పైకి లేస్తే ఆయన కంగారుపడేవాడు కాదు. బండి ఆపి, రేడియేటర్‌కు పోయే పై గొట్టం మీద చెయ్యి వేసి చూసేవాడు. చెయ్యి రెండు క్షణాలు ఆగితే బయల్దేరేవాడు, ఆగకపోతే చెట్టు నీడన బీడీ వెలిగించేవాడు. ఆ గుర్తుతో నేనూ గొట్టం మీద చెయ్యి వేశాను. ఆగింది. నిజంగా మరిగే ఇంజిన్ అయితే చర్మం ఊడేది. అంటే అబద్ధమాడుతున్నది లైటు. కానీ ఎందుకు?

తెట్టు దగ్గర హైవే దిగి గుడ్లూరు మీదుగా పోతున్నాం. లైటు వెలుగుతోంది, ఆరుతోంది. నా వెనక సీట్లోంచి మా ఆవిడ దాన్నే చూస్తోంది. గుంతలో పడ్డప్పుడు వెలిగింది. అమ్మ వెనక్కి వాలినప్పుడు వెలిగింది. ముందుకు వంగి సంచిలో నీళ్ళ సీసా వెతుకుతుంటే ఆరింది.

"ఏవండీ, ఇంజిన్ వేడి ఇంత తొందరగా ఎక్కి దిగుతుందా? ఇది అత్తయ్య కూర్చుంటే వెలుగుతోంది."

బండి ఆపాను. తాళం ఆన్‌లో పెట్టి, అమ్మను లేవమన్నాను. లైటు పోయింది. నేను కూర్చున్నాను, వెలిగింది. బావమరిది పడీపడీ నవ్వాడు. మూత అంచు కింద చూస్తే దొరికింది: టెంపరేచర్ స్విచ్‌కు పోయే ఒంటి వైరు. పోయిన సర్వీసులో ఎవరో మూత పెట్టేటప్పుడు దాన్ని అంచు మీదుగా వదిలేశారు. పైతోలు అరిగి రాగి బయటపడింది. ఆ స్విచ్ చేసే పని ఒకటే, నీళ్ళు మరీ వేడెక్కితే ఆ వైరును ఇంజిన్ ఇనుముకు కలుపుతుంది, లైటు వెలుగుతుంది. ఇప్పుడు ఆ పని సీటు బరువు చేస్తోంది. నమ్మకం కోసం స్విచ్ దగ్గర వైరు ఊడదీసి మూతను నొక్కాను. స్విచ్‌తో సంబంధమే లేదు, అయినా వెలిగింది.

కందుకూరులో ఒక పంక్చర్ షాపులో నల్ల టేపు చుట్టకు ఇరవై రూపాయలు తీసుకున్నారు. వైరుకు చుట్టి, అంచుకు దూరంగా జరిపి కట్టాను. అయిదు నిమిషాల పని.

మాలకొండ చేరేసరికి ఒంటిగంట. క్యూ, ఎండ, కాళ్ళు కాలే బండరాళ్ళు, దర్శనం, అన్నీ మామూలే. అమ్మ స్వామికి ఏం మొక్కుకుందో చెప్పలేదు గానీ, గుడి బయటికి వచ్చాక మా ఆవిడతో, "నేను మరీ అంత బరువున్నానా?" అని అడిగింది.

వచ్చేటప్పుడు బంగినపల్లి కోసం ఉలవపాడు మీదుగా తిరిగాం. తోటల పక్కనే అమ్ముతున్నా నెల్లూరు ధరే చెప్పారు, బేరమాడితే మొహం తిప్పుకున్నారు. అయినా రెండు బుట్టలు కొన్నాం. అమ్మ ముందు సీట్లో ఇక కూర్చోనంటే కూర్చోనంది. ఆ సీట్లో బుట్టలు పెట్టాం. దారి పొడవునా ఎవరూ రోడ్డు చూడలేదు, డాష్‌బోర్డే చూశారు. ఏమీ వెలగలేదు.

పెన్నా వంతెన మీదికి ఎక్కుతుండగా లైటు వెలిగింది. నలుగురం ఒక్కసారే అరిచాం.

డీజిల్ అయిపోవస్తోంది.