పక్కింటి పెద్దాయన సర్వీస్ ప్రూఫ్ కోసం తిరిగిన నాలుగు నెలలు (నా అనుభవం)

మేం ఉండేది మిన్నెసోటాలో, సెయింట్ పాల్. పక్కిల్లు హ్మోంగ్ వాళ్లది, అంటే లావోస్ కొండ ప్రాంతాల నించి వచ్చిన ఒక తెగ, రాయడానికి ముందు హ ఉంటుంది కానీ పలికేది మోంగ్ అనే. ఆ ఇంటి పెద్దాయన ఒకప్పుడు లావోస్‌లో టీ-28 అనే యుద్ధ విమానం నడిపిన పైలట్ అని మాకు ఆరేళ్లు తెలీదు, మడిలో కొత్తిమీర కోసి మా ఆవిడకి ఇచ్చే మనిషిగానే తెలుసు. పోయిన చలికాలం వాళ్లబ్బాయి వచ్చి, నాన్నకి ఇక్కడి ఫోర్ట్ స్నెల్లింగ్ నేషనల్ సిమెట్రీలో, అంటే మాజీ సైనికుల శ్మశానంలో, చోటు కోసం ముందే అప్లై చేద్దాం అనుకుంటున్నాం, మీ ఇమిగ్రేషన్ కాగితాలన్నీ మీరే చూసుకుంటారు కదా ఓసారి చూడండి అన్నాడు. ఒక శనివారం పని అనుకున్నా.

రూలు ఏంటంటే, 2018 మార్చిలో వచ్చిన చట్టం ప్రకారం 1961 ఫిబ్రవరి 28 నించి 1975 మే 7 మధ్యలో లావోస్ స్థావరాల నించి అమెరికా తరఫున పోరాడిన గెరిల్లా దళాల వాళ్లకి నేషనల్ సిమెట్రీల్లో చోటు ఇస్తారు. 2000లో మోంగ్ వెటరన్స్ కోసం ఇంగ్లీషు పరీక్ష లేకుండా సిటిజన్‌షిప్ ఇచ్చే చట్టం వచ్చింది, దాని కింద సిటిజన్ అయినవాళ్లకి ఆ రికార్డే సాక్ష్యం, వేరే ప్రూఫ్ అక్కర్లేదు. మా పెద్దాయనకి అదే లేదు. ఆయన 80ల్లోనే రాత్రిపూట క్లాసులకి వెళ్లి ఇంగ్లీషు నేర్చుకుని అందరిలాగే పరీక్ష రాసి సిటిజన్ అయ్యారు. 2000లో ఆ చట్టం వచ్చినప్పుడు చర్చి బేస్‌మెంట్‌లో టేబుల్ వేసుకుని ఊళ్లో ముసలాళ్లందరికీ ఫారాలు నింపింది, వాళ్ల తరఫున సాక్ష్యం సంతకాలు పెట్టింది ఈయనే. ఇప్పుడు ఆయన సర్వీసుకే ప్రూఫ్ కావాల్సొచ్చింది, ఆ మాట విన్నప్పుడు నాకు చాలా బాధేసింది.

ప్రూఫ్ ఎక్కణ్ణించి వస్తుంది చెప్పండి. 1962 జెనీవా ఒప్పందంతో లావోస్ తటస్థ దేశం అన్నారు, విదేశీ సైన్యం ఉండకూడదు, అందుకే అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, మోంగ్ సేనాని జనరల్ వాంగ్ పావ్ మనుషులతో కమ్యూనిస్టుల మీద రహస్యంగా యుద్ధం నడిపించింది. పైలట్లకి ట్రైనింగ్ థాయిలాండ్‌లో ఉడోన్ థానిలో. పేరు రాయల్ లావో ఎయిర్‌ఫోర్స్‌ది, ఎగిరేది మాత్రం వాంగ్ పావ్ స్థావరం ఉన్న లాంగ్ చెంగ్ లోయ నించి. అమెరికన్ పైలట్లకి టూర్ అయిపోతే ఇంటికి వెళ్లే తేదీ ఉండేది, వీళ్లకి అది లేదు, చనిపోయేదాకా ఎగరడమే. మొదటి మోంగ్ పైలట్లలో ఒకడైన లీ లూ అంతకుముందు బడిపంతులు, 5,000కి పైగా సార్టీలు (యుద్ధానికి వెళ్లిన ట్రిప్పులు) ఎగిరి 1969 జులై 12న కూలిపోయాడు. ఆ తేదీ పెద్దాయనకి సొంత పిల్లల పుట్టినరోజుల కంటే బాగా గుర్తు. 1975 మే 14న వాంగ్ పావ్ వెళ్లిపోయాక లాంగ్ చెంగ్ రన్‌వే మీద వేలమంది మిగిలిపోయారు, దొరికితే కమ్యూనిస్టులు చంపేస్తారని ఈయన వాళ్లమ్మ యూనిఫాం ఫొటోలు, కాగితాలు అన్నీ పొయ్యిలో పెట్టేసింది.

కాగితాల్లో మిగిలింది థాయిలాండ్‌లోని బాన్ వినై శరణార్థి శిబిరం కార్డు ఒక్కటే. అందులో పేరు వేరు! నేను తప్పు కార్డు తెచ్చారనుకున్నా. విషయం ఏంటంటే మోంగ్ వాళ్లకీ మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది, ఒకే ఇంటిపేరు వాళ్లు పెళ్లి చేసుకోరు, మన గోత్రం లెక్కే. పైగా మగాడికి పెళ్లయి పిల్లలు పుట్టాక అత్తగారింటివాళ్లు ఒక పెద్దరికం పేరు కలుపుతారు. సో కుర్రాడిగా ఒక పేరు, పెద్దయ్యాక ఇంకో పేరు, అమెరికా వచ్చాక ఇంటిపేరు వెనక్కి పోయింది, స్పెల్లింగ్ రెండు రకాలు, పుట్టినరోజు జనవరి 1 అని రాసేశారు. పాస్‌పోర్టులో నా ఇంటిపేరు తో నేను పడ్డ తిప్పలు గుర్తొచ్చి, ఈ ముడి మాత్రం విప్పాల్సిందే అనుకున్నా.

దారి ఏంటంటే కలిసి పనిచేసినవాళ్ల నోటరీ అఫిడవిట్లు. ఒకాయన ఫ్రెస్నోలో దొరికారు, ఫోన్లో అయిపోయింది. రెండో ఆయన విస్కాన్సిన్‌లో వాసాలో ఉంటారు, మూడు గంటల డ్రైవ్, పెద్దాయన కూడా వస్తానన్నారు. ఈ రెండో ఆయన అప్పట్లో రావెన్ అని పిలిచే, చిన్న విమానాల్లో తిరిగి టార్గెట్లు చూపించే అమెరికన్ పైలట్ల వెనక సీట్లో కూర్చుని కింద సైనికులతో మాట్లాడి టార్గెట్ చెప్పేవాళ్లలో ఒకరు, అలాంటివాళ్లని రాబిన్ అనేవారు. మంచానికే పరిమితం అయ్యారు, చూపు బాగా తగ్గింది. మేం లోపలికి వెళ్లాం, పెద్దాయన నేనొచ్చా అన్నారు, అంతే, ఆయన మొహం తిప్పి ఆ కుర్రతనం పేరు పెట్టి పిలిచేశారు. రేడియోలో విన్న గొంతు. పెద్దాయన మంచం పక్కనే కింద కూర్చుండిపోయారు, కొడుకు నాకు ట్రాన్స్‌లేట్ చేయడం ఆపేశాడు, నేనూ అడగలేదు.

అఫిడవిట్‌లో ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి అని ప్రత్యేకంగా ఒక పేరా రాయించాం. ఎవరైనా ఇలాంటిది చేస్తుంటే ఆ పేరా మర్చిపోకండి, ఊరు, సంవత్సరం, ఎవరి కింద పనిచేశారు అన్నీ రాయించండి, బతికున్నవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నారు.

ఫైలు మేలో పంపాం, జవాబు కోసం చూస్తున్నాం. మొన్న ఆదివారం పెద్దాయన మళ్లీ తలుపు కొట్టారు, కొత్తిమీర కట్టతో పాటు చేతిలో రెండు కవర్లు. ఒకటి వాసా ఆయనది.