సైకాలజీ 30 మార్కులు: మా అక్క పిల్లల దగ్గర నేర్చుకున్న పియాజే

టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) పేపర్-1కి చదువుతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. 150 మార్కుల్లో 30 శిశు వికాసం, పెడగాజి (బోధనా శాస్త్రం)వే. మనందరం సైకాలజీ అనే పిలుస్తాం. మొదటిసారి నాకు అందులో 14 వచ్చాయి, రెండోసారి 26. మధ్యలో కొత్త పుస్తకం ఒక్కటి కూడా కొనలేదు.

మొదటిసారి అంతా బట్టీ పట్టాను. పెరుగుదలను కొలవగలం, ఒక వయసుకు ఆగిపోతుంది. వికాసం జీవితాంతం సాగుతుంది, పెరుగుదల కూడా అందులో భాగమే. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. కానీ పరీక్షలో నిర్వచనం అడగరు. ఒక పిల్లవాడు ఏదో చేశాడని చెప్పి, ఇది దేనికి ఉదాహరణ అంటారు. అక్కడ చేతులు వణికాయి.

సంక్రాంతికి అక్క పిల్లలతో వచ్చింది. చిన్నవాడికి నాలుగున్నరేళ్లు, పెద్దదానికి ఎనిమిది. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా పాలు పోసి, ఒకదానిలోవి వాడి ముందే సన్నటి పొడవు గ్లాసులోకి వంచాను. ఎందులో ఎక్కువున్నాయిరా అంటే వాడు పొడవు గ్లాసు చూపించాడు. పక్కనే ఉన్న పెద్దది, "రెండూ ఒకటే కదా పిన్నీ, మళ్లీ ఇందులో పోస్తే సరిపోతుంది" అంది. పిల్లల ఆలోచన దశలవారీగా ఎదుగుతుందన్న మనస్తత్వవేత్త పియాజే గురించి పుస్తకంలో ఉన్న నాలుగు పేజీల విషయం ఒక్క నిమిషంలో కళ్ల ముందు జరిగింది. వాడు పూర్వ ప్రచాలక దశలో (తర్కం ఇంకా రాని దశ) ఉన్నాడు, పదిలపరచుకునే భావన, అంటే ఆకారం మారినా పరిమాణం మారదనే అవగాహన, ఇంకా రాలేదు. అమ్మాయి మూర్త ప్రచాలక దశలో (కళ్ల ముందున్న వస్తువులతో తర్కించగల దశ) ఉంది, 'మళ్లీ పోస్తే' అన్న మాటే విపర్యయాత్మక ఆలోచన, అంటే జరిగినదాన్ని మనసులో వెనక్కి తిప్పి చూడటం. ఆ రాత్రి డాబా మీద వాడు చందమామ తన వెంటే వస్తున్నాడన్నాడు. అంతా తన చుట్టూనే తిరుగుతుందనుకునే ఈ అహం కేంద్రీకృత ఆలోచన అనే పదం నేను మళ్లీ మర్చిపోలేదు.

సాంశీకరణం, అనుగుణ్యం దగ్గర చాలామంది తడబడతారు. మా పక్కింటి పాప మేకను చూసి కూడా "భౌ భౌ" అనేది. తెలిసిన పాత స్కీమాలోకే (మనసులో ఉన్న భావన చట్రం) కొత్తదాన్ని చేర్చుకుంది కాబట్టి సాంశీకరణం. కొన్నాళ్లకు మేకకు "మే మే" అని వేరే పేరు పెట్టింది. స్కీమానే మార్చుకుంది కాబట్టి అనుగుణ్యం.

పిల్లలు ఇతరుల సాయంతో నేర్చుకుంటారన్న మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ కూడా ఇంట్లోనే దొరికాడు. చిన్నవాడు చొక్కా గుండీలు ఒంటరిగా పెట్టుకోలేడు. గుండీని సగం దూర్చి వదిలితే మిగతా సగం తనే లాక్కుంటాడు. అదే సామీప్య వికాస మండలం, అంటే ఒంటరిగా చేయలేకపోయినా కాస్త సాయంతో చేయగలిగే పరిధి. ఇక్కడో జాగ్రత్త చెప్పాలి. ఇలా కాస్త సాయమిచ్చి నిలబెట్టడానికి వాడే స్కఫోల్డింగ్ అనే పదం వైగోట్‌స్కీది కాదు. ఆయన 1934లోనే చనిపోయాడు, ఆ పదాన్ని 1976లో వుడ్, బ్రూనర్, రాస్ వాడారు. ఇంకోటి, పియాజే, వైగోట్‌స్కీ ఇద్దరూ 1896లోనే పుట్టారు. ఇలా ముడిపెట్టుకుంటే పేర్లు కలగాపులగం కావు.

పరిపక్వతకు (శరీరం సహజంగా సిద్ధం కావడం) మనస్తత్వవేత్త గెసెల్ కవల పిల్లల ప్రయోగం (1929) ఒక్కటి బాగా చదవండి. ఒకరికి ముందుగా ఆరు వారాలు మెట్లెక్కడం నేర్పించారు. రెండో పాప కొంత ఆలస్యంగా, రెండే వారాల శిక్షణతో దాదాపు ఆ స్థాయికి వచ్చేసింది. శరీరం సిద్ధం కాకముందు ఎంత నేర్పించినా పెద్దగా కలిసిరాదని దీంతో అర్థమవుతుంది. ఎల్‌కేజీ పిల్లలతో పేజీలకు పేజీలు రాయించే చోట్ల నాకు నిజంగా బాధేస్తుంది.

వ్యక్తిత్వ వికాసంపై ఎరిక్‌సన్ ఎనిమిది దశలు, నైతిక వికాసంపై కోల్‌బర్గ్ మూడు స్థాయిలు, ఆరు దశలు మాత్రం గుర్తుపెట్టుకోక తప్పదు. నేను చార్టు రాసి వంటగది గోడకు అంటించాను. చివరి ఇరవై రోజులు పాత పేపర్లే చేశాను. తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కన నాకు తెలిసిన ఒక పిల్లవాడి పేరు రాసుకున్నాను. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు.

దసరా సెలవులకు వాళ్లు మళ్లీ వచ్చారు. పాలు మళ్లీ పోసి చూపించాను. వాడు ఇప్పటికీ పొడవు గ్లాసులోనే ఎక్కువంటున్నాడు. వాడికింకా అయిదేళ్లే.