టి కణాల జబ్బుకు బి కణాల మందు: నా అనుభవం

కుడికన్ను కదిపితే నొప్పి, ఆ కంటికి ఎరుపు రంగు వెలిసినట్టు కనిపించడం: నా మల్టిపుల్ స్క్లెరోసిస్ (సొంత రోగనిరోధక కణాలే మెదడు, వెన్నుపాములలోని నరాల పొరను దెబ్బతీసే జబ్బు) అలా మొదలైంది. ఎమ్మారైలో మెదడులో మచ్చలు కనిపించాయి; వాటిలో రెండు గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కించాక మెరిశాయి. రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడ అక్కడ సడలి, రోగనిరోధక కణాలు లోపలికి దిగుతున్నాయని దాని అర్థమట. వెన్నునీటిలో ఆలిగోక్లోనల్ బ్యాండ్లు (అక్కడ యాంటీబాడీలు తయారవుతున్నాయనే గుర్తులు) కూడా ఉన్నాయి. రోజుకు 1 గ్రాము చొప్పున 5 రోజులు స్టెరాయిడ్ మందు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఎక్కించాక చూపు చాలావరకు తిరిగివచ్చింది.

నరాల మీది మైలిన్ పొరను టి కణాలనే తెల్ల రక్తకణాలు దెబ్బతీస్తాయని అప్పటికే చదివి ఉండడం వల్ల, యాంటీబాడీల తయారీకి మూలమైన మరో రకం తెల్ల రక్తకణాలను, అంటే బి కణాలను, తొలగించే ఓక్రెలిజుమాబ్ అనే మందు వాడదామని డాక్టరు గారు అన్నప్పుడు నాకు పొంతన కుదరలేదు. ఆ సందేహాన్ని ఆయన ఓపికగా తీర్చారు. బి కణాల పని యాంటీబాడీలతో ముగియదు. అవి ప్రోటీను ముక్కలను టి కణాలకు చూపించి, సైటోకైన్లనే సంకేత రసాయనాలు విడుదల చేసి వాటిని ఉసిగొల్పుతాయి. 2008లో ప్రచురితమైన రిటుక్సిమాబ్ (బి కణాలనే తొలగించే మరో మందు) పరీక్షలో మెరిసే మచ్చలు కొద్ది నెలల్లోనే బాగా తగ్గాయి. యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాల మీద, ఈ రెండు మందులూ గురిపెట్టే సీడీ20 అనే ప్రోటీను ఉండదు గనుక ఆ మందు వాటిని తాకదు. అయినా జబ్బు నెమ్మదించిందంటే బి కణాల అసలు పాత్ర వేరే ఉందన్నమాట. నాకు ఈ తర్కం మందుకంటే ముందు ధైర్యాన్నిచ్చింది.

హెపటైటిస్ బి పరీక్ష, ఇమ్యునోగ్లోబులిన్ల (రక్తంలోని యాంటీబాడీల) లెక్క అయ్యాక, టీకాల కోసం కొన్ని వారాలు ఆగమన్నారు. విసుగనిపించినా, బి కణాలు పోయాక టీకాలు సరిగా పట్టవు.

మొదటి 300 మిల్లీగ్రాములు ఎక్కిస్తుండగా గొంతులో దురద మొదలైంది. మందు ఆపి, వేగం తగ్గించి మళ్ళీ నడిపారు. రెండు వారాల తర్వాతి 300 సాఫీగా సాగింది. ఇప్పుడు 6 నెలలకొకసారి 600. బి కణాలను వాటి మీదుండే సీడీ19 అనే మరో ప్రోటీను ద్వారా లెక్కిస్తారు, సీడీ20ని మందు కప్పేస్తుంది గనుక. నా లెక్క దాదాపు సున్నా. ఏడాది తర్వాతి ఎమ్మారైలో కొత్త మచ్చ లేదు.

వేడినీళ్ళతో స్నానం చేస్తే మాత్రం కుడికన్ను ఇప్పటికీ కాసేపు మసకబారుతుంది. అది కొత్త దాడి కాదు. పొర దెబ్బతిన్న పాత నరం వేడికి సంకేతాన్ని సరిగా మోయలేకపోవడం.