జపాన్‌లో మేము ముగ్గురం

టోక్యోలో దిగిన మర్నాడు పొద్దున్నే ఆకలేసి, సందు చివర కన్వీనియన్స్ స్టోర్‌లో ఒనిగిరి కొన్నాను. మూడు మూలల అన్నం ముద్ద, దాని చుట్టూ కరకరలాడే నల్లటి సముద్రపు నాచు. నాచు మెత్తబడకుండా దానికీ అన్నానికీ మధ్య ప్లాస్టిక్ పొర పెడతారు. కవరు మీద 1, 2, 3 అని అంకెలు. ఆ వరసలో లాగితే పొర జారిపోయి, నాచు అన్నానికి అతుక్కుంటుంది. నేను మూడుతో మొదలుపెట్టాను. నాచంతా కవర్లోనే ఉండిపోయి ముద్ద చేతిలో పడింది.

"అంకెలు చూడు నాన్నా" అన్నాడు మావాడు, తనది శుభ్రంగా విప్పుకుని తింటూ.

లోపల ఉప్పులో ఊరిన ఎర్రటి పండు, పేరు ఉమెబోషి. కొరకగానే కళ్లు మూసుకుపోయాయి. ఊరగాయ పెడుతూ కారం వేయడం మర్చిపోతే ఇలాగే ఉంటుంది. అయినా ఇంకోటి కొన్నాను.

కవరు పారేద్దామంటే చెత్తబుట్ట లేదు. 1995లో మెట్రోలో సారిన్ విషవాయువు దాడి జరిగాక చాలాచోట్ల తీసేశారట. కూల్‌డ్రింక్స్ మెషీన్ పక్కన ఒక డబ్బా కనబడితే ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే సీసా పట్టేంత గుండ్రటి కన్నాలే ఉన్నాయి. రాత్రి హోటల్‌కి చేరేదాకా ఆ కవర్లు నా జేబులోనే.

షింకన్‌సెన్ అనే బుల్లెట్ ట్రైన్‌లో రెండున్నర గంటల్లో ఒసాకా. టోక్యోలో ఎస్కలేటర్ మీద ఎడమవైపు నిలబడడం అలవాటు చేసుకున్నామా, ఇక్కడ అందరూ కుడివైపు!

మా ఆవిడ శాకాహారి, గుడ్డుదాకా సర్దుకుంటుంది. మాంసం వద్దని ఫోన్లో అనువాదం చేసి చూపించి ఒకోనోమియాకి అనే వంటకం తెమ్మన్నాం. క్యాబేజీ తురుము వేసిన మందపాటి దిబ్బరొట్టె అనుకోండి. ప్లేటు రాగానే మా ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"ఏవండీ, అది కదులుతోందండీ!"

నిజంగానే కదులుతోంది. గట్టిగా ఎండిన చేపను చిత్రిక పట్టినట్టు గీకి పైన చల్లుతారు. రొట్టె ఆవిరికి ఆ పల్చటి రేకులు వయ్యారంగా ఊగుతాయి. వాళ్ల లెక్కలో అది మాంసం కాదు మరి! ఆ రొట్టె నేనే తిన్నాను. చాలా బాగుంది, కానీ ఆ మాట పైకి అనలేదు.

తిరుగు దారిలో లోకల్ ట్రైన్ ఎక్కాం. లోపల ఫోన్ మోగదు, గట్టిగా మాట వినబడదు. మావాడు తలుపు దగ్గరికి పరిగెత్తాడు. వాడి ముద్దుపేరు నాని. "నానీ! నానీ!" అని మా ఆవిడ కేకేసింది. బోగీలో తలలన్నీ ఇటు తిరిగాయి. జపనీస్‌లో నాని అంటే "ఏంటి?" అని.

అప్పట్నుంచీ వాణ్ని బడి రిజిస్టర్లో ఉన్న పేరుతోనే పిలిచింది. వాడు ఒక్కసారీ పలకలేదు.