పి, ఎస్ తరంగాల మధ్య 25 సెకన్లు

2024 డిసెంబరు 4, ఉదయం 7 గంటల 27 నిమిషాలు. ములుగు జిల్లాలో 5.3 మాగ్నిట్యూడ్‌తో భూకంపం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చిన 5.7 భూకంపం లాగే ఇదీ గోదావరి లోయలోనిదే. (0.4 తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, శక్తి లెక్కలో భద్రాచలం భూకంపం దీనికి దాదాపు నాలుగింతలు.) ములుగు అధికేంద్రం (భూకంపం పుట్టిన చోటుకు నేరుగా పైన, నేల మీది బిందువు) 18.44 ఉత్తర అక్షాంశం, 80.24 తూర్పు రేఖాంశం. అక్కడి నుంచి హైదరాబాద్ సుమారు 210 కిలోమీటర్లు. ఈ ఒక్క దూరాన్ని పట్టుకుంటే భూకంప తరంగాల లెక్క చాలావరకు అర్థమవుతుంది. ఆ లెక్క ఎక్కడెక్కడ తప్పుతుందో చూసుకుంటూ పోతే భూమి లోపలి పొరలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. వాటిని కనిపెట్టినవాళ్లు చేసిన పని కూడా అదే.

రాయి విరిగిన చోటు నుంచి రెండు రకాల తరంగాలు బయల్దేరతాయి. పి తరంగం రాయిని తాను పోయే దిశలోనే నొక్కుతూ వదులుతూ సాగుతుంది. ఎస్ తరంగం రాయిని అడ్డంగా ఊపుతూ పోతుంది. భూపటలంలోని, అంటే భూమి పైపొరలోని గట్టి రాతిలో పి వేగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ఎస్ వేగం 3.5. అంటే 210 కిలోమీటర్లు దాటడానికి పికి 35 సెకన్లు పడితే ఎస్‌కు 60 పడుతుంది. తేడా 25 సెకన్లు. దూరాన్ని ఈ తేడాతో భాగిస్తే 8.4 వస్తుంది. ఇక భూకంపాలను నమోదు చేసే ఏ స్టేషన్‌లోనైనా పి, ఎస్ మధ్య సెకన్లను 8.4తో గుణిస్తే భూకంపం ఎంత దూరంలో వచ్చిందో తెలుస్తుంది. ఈ సూత్రంలోని గొప్పదనం ఏమిటంటే, స్టేషన్ గడియారం ముందుకో వెనక్కో నడుస్తున్నా ఫలితం మారదు. రెండు రాకల మధ్య వ్యవధి ఒక్కటే కావాలి. జీపీఎస్ సమయం లేని రోజుల్లో ఇది ఎంత పెద్ద ఆసరానో ఊహించుకోవచ్చు.

సూత్రం సులువే, ఆ రెండు రాకలను గీతల్లో సరిగ్గా గుర్తించడమే కష్టం. నేల కదలికను నమోదు చేసే సీస్మోమీటర్ మూడు గీతలు గీస్తుంది: పైకీ కిందికీ, ఉత్తర దక్షిణాలు, తూర్పు పడమరలు. పి మొదలయ్యే చోటును పైకీ కిందికీ కదిలే గీతలో వెతకాలి, ఎస్‌ను మిగతా రెండు అడ్డ గీతల్లో వెతకాలి. రెండు రాకలనూ ఒకే గీతలో చూసి ఎస్‌ను గుర్తించబోతే పొరపాటు దాదాపు ఖాయం. ఎందుకంటే ఎస్ వచ్చేసరికి పి తాలూకు చెదిరిన కంపనాలు ఇంకా తగ్గి ఉండవు, ఎస్ మొదలు వాటిలో కలిసిపోతుంది. అక్కడ ఒక్క సెకను ఆలస్యంగా గుర్తు పెడితే దూరంలో 8.4 కిలోమీటర్లు తేడా వస్తుంది. పరికరాన్ని మట్టి మీద పెట్టినా, పక్కనే బోరు మోటారో రోడ్డో ఉన్నా చిన్న భూకంపాల మొదలు ఆ రొదలో మునిగిపోతుంది. అందుకే గట్టి రాతి వరకు తవ్వి, దాని మీద దిమ్మె కట్టి బిగిస్తారు.

మన దగ్గర మరో చిక్కుంది. గ్రానైట్ క్వారీల్లో, ఓపెన్‌కాస్ట్ గనుల్లో జరిగే పేలుళ్లు కూడా చిన్న భూకంపాల్లాగే నమోదవుతాయి. పేలుడు రాయిని అన్ని వైపులకూ తోస్తుంది కాబట్టి, ఏ దిక్కున ఉన్న స్టేషన్‌లోనైనా పి మొదటి కదలిక పైకే ఉండాలి. భూకంపంలో అయితే పగులుకు ఏ వైపున ఉన్నామన్నదాన్ని బట్టి కొన్ని స్టేషన్లలో పైకి, కొన్నింటిలో కిందికి ఉంటుంది. పేలుడులో ఎస్ సాధారణంగా బలహీనం, దగ్గరి స్టేషన్లలో నేల పైపైనే సాగే ఉపరితల తరంగాలు బలం. రోజూ పగటిపూట ఇంచుమించు ఒకే వేళకు ఒకే చోటు నుంచి వస్తుంటే అది భూకంపం కాదనే మొదట అనుమానించాలి.

మూడు స్టేషన్ల దూరాలు దొరికితే మ్యాపు మీద మూడు వృత్తాలు గీస్తారు. పాఠ్యపుస్తకంలో అవి ఒక చుక్క దగ్గర కలుస్తాయి, నిజంగా గీస్తే మధ్యలో చిన్న త్రికోణం మిగులుతుంది. దీనికి ముఖ్య కారణం లోతు. 8.4తో వచ్చేది భూకంప నాభికి, అంటే లోపల రాయి విరిగిన చోటుకు ఉన్న ఏటవాలు దూరం, నేల మీది దూరం కాదు. ఏ స్టేషన్ తప్పు చదివిందో పట్టుకోవడానికి జపాన్ శాస్త్రవేత్త కియో వదాతి పేరుతో ఒక చక్కటి పద్ధతి ఉంది. పి వచ్చిన సమయాన్ని అడ్డంగా, పి, ఎస్ తేడాను నిలువుగా పెట్టి ఒక్కో స్టేషన్‌కు ఒక చుక్క పెట్టాలి. చుక్కలన్నీ ఒక సరళరేఖ మీద పడాలి, దాని వాలు సుమారు 0.73 ఉండాలి. ఆ రేఖ సున్నాను తాకిన చోటే భూకంపం పుట్టిన సమయం. రేఖకు దూరంగా పడిన చుక్క ఏ స్టేషన్‌దో చూసి, దాని గీతలను మళ్లీ చదవాలి.

లోతు చెప్పడం అన్నిటికంటే కష్టం. ములుగు భూకంపం లోతును 40 కిలోమీటర్లుగా ప్రకటించారు. అది 10 కిలోమీటర్లే అయి ఉంటే హైదరాబాద్‌కు పి ఎంత ముందు చేరేది? 0.6 సెకను మాత్రమే. వేగాల్లో ఉండే అనిశ్చితి ఒక్కటే దీన్ని మింగేస్తుంది. అదే అధికేంద్రానికి 20 కిలోమీటర్లలో ఒక స్టేషన్ ఉంటే తేడా 3.7 సెకన్లు, తేలిగ్గా కనబడుతుంది. లోతు నమ్మకంగా తెలియాలంటే నాభి ఎంత లోతులో ఉందో అంత దూరంలోపు కనీసం ఒక స్టేషన్ ఉండాలి. లేనప్పుడు లోతును 10 కిలోమీటర్లని స్థిరంగా పెట్టి మిగతా లెక్క చేయడం వాడుక. భూకంపాల జాబితాల్లో 10 అనే అంకె అన్నిసార్లు కనిపించడానికి కారణం ఇదే, దాన్ని కొలిచిన అంకెగా తీసుకోకూడదు.

ఇప్పుడు 8.4 సూత్రం ఎక్కడ విరుగుతుందో చూద్దాం. హైదరాబాద్‌కు నిజంగా మొదట చేరేది పటలంలో నేరుగా వచ్చిన పి కాదు. పటలం అడుగున, దాని కింది పొర అయిన భూప్రావారం పైఅంచున పి వేగం సెకనుకు 8 కిలోమీటర్లకు పెరుగుతుంది. ఆ దారిన వచ్చిన తరంగం ఎక్కువ దూరం తిరిగినా ముందే చేరుతుంది. పటలం మందం 40 కిలోమీటర్లని, నాభి దాని అడుగున ఉందని అనుకుంటే, అది వచ్చేది సుమారు 31 సెకన్లకు. దాన్ని పిగా, పటలంలో వచ్చిన దాన్ని ఎస్‌గా గుర్తిస్తే తేడా దాదాపు 30 సెకన్లవుతుంది, సూత్రం 250 కిలోమీటర్లని చెబుతుంది. గీతలు సరిగ్గానే చదివినా 40 కిలోమీటర్లు తప్పు.

1909 అక్టోబరు 8న క్రొయేషియాలో కూపా లోయ భూకంపం వచ్చినప్పుడు అక్కడి శాస్త్రవేత్త ఆంద్రియా మొహొరొవిచిచ్‌కు ఎదురైంది ఈ చిక్కే. కొన్ని దూరాల్లో రెండు పిలు, రెండు ఎస్‌లు కనిపించాయి. వాటిలో ఒకదాన్ని రొద అని కొట్టిపారేయకుండా, లోపల వేగం ఒక్కసారిగా పెరిగే సరిహద్దు ఉండాలని తేల్చాడు. లోతు 54 కిలోమీటర్లని లెక్కగట్టాడు. మనం మోహో అని పిలిచే ఆ సరిహద్దు పైన పటలం, కింద ప్రావారం.

ఇంకా లోతుకు దారి తీసింది మన దేశపు భూకంపం. 1897 జూన్ 12న షిల్లాంగ్ పీఠభూమిని కుదిపిన అస్సాం భూకంపాన్ని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ అధ్యయనం చేశాడు. ఐరోపాలోని పరికరాలు గీసిన గీతల్లో పి, ఎస్, ఉపరితల తరంగాలు విడివిడిగా ఉన్నాయని 1900లో చూపించాడు. దూర భూకంపాల సమయాలు పోల్చి, బాగా దూరపు స్టేషన్లకు తరంగాలు రావాల్సిన దానికంటే ఆలస్యంగా వస్తున్నాయని, కాబట్టి మధ్యలో వేగం తక్కువున్న కేంద్రం ఉందని 1906లో ప్రకటించాడు. జర్మన్ శాస్త్రవేత్త బెనో గూటెన్‌బర్గ్ ఆ కేంద్రం మొదలయ్యే లోతును 2,900 కిలోమీటర్లుగా లెక్కించాడు. ఇన్నేళ్లలో ఆ అంకె పది పదిహేను కిలోమీటర్లకు మించి మారలేదు.

ఆ సరిహద్దు దగ్గర పి వేగం 13.7 నుంచి 8కి పడిపోతుంది, తరంగం లోపలికి వంగుతుంది. దాంతో అధికేంద్రం నుంచి సుమారు 104 డిగ్రీల నుంచి 140 డిగ్రీల వరకు నేరుగా పి రాని నీడ పడుతుంది. నేల మీద చూస్తే 11,500 నుంచి 15,600 కిలోమీటర్ల మధ్య భాగమిది. నేరుగా వచ్చే ఎస్ 104 దాటాక ఎక్కడా ఉండదు. అడ్డంగా ఊపితే తిరిగి లాగే గుణం ద్రవానికి లేదు, కాబట్టి ఎస్ ద్రవంలో నడవలేదు. బాహ్య కేంద్ర మండలం, అంటే కేంద్రం వెలుపలి భాగం ద్రవమని 1926లో బ్రిటిష్ శాస్త్రవేత్త హెరాల్డ్ జెఫ్రీస్ వాదించి నిలబెట్టాడు.

అయినా ఆ నీడలో బలహీనమైన పి గీతలు కొన్ని కనబడుతూనే ఉన్నాయి. 1929 న్యూజిలాండ్ భూకంపం గీతలను ఓపికగా చదివిన డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమాన్, కేంద్రం లోపల వేగం ఎక్కువున్న మరో గోళం ఉంటే తప్ప ఆ తరంగాలు అక్కడికి రాలేవని 1936లో చెప్పింది. దాని వ్యాసార్ధం సుమారు 1,220 కిలోమీటర్లు. అది ఘనపదార్థమన్న గట్టి రుజువు మాత్రం 1971 దాకా దొరకలేదు. లోపలి గోళంలో నడిచే ఎస్ మన పరికరాలకు అందేసరికి మరీ బలహీనమైపోతుంది. అందుకే విడి తరంగాలను వదిలి, పెద్ద భూకంపాల తర్వాత భూగోళమంతా గంటల తరబడి చేసే కంపనాల పౌనఃపున్యాలను కొలిచారు. లోపలి గోళం ఘనమని పెట్టుకుంటేనే లెక్క ఆ కొలతలతో కుదిరింది.