చాల్డన్ గోడ మీద కుంభీపాకం

ఇంగ్లండ్‌లోని చాల్డన్ చర్చిలో పాత గోడ బొమ్మ చూడాలని బయల్దేరాం. లండన్ దక్షిణాన క్రాయిడన్‌లో మా అమ్మాయి ఇంటి నుంచి కేటరమ్ దాకా రైలు. అక్కడ బస్సు కోసం చూసి చూసి ట్యాక్సీ ఎక్కాం. రెండు మైళ్లకు 14 పౌండ్లు! దిగేదాకా నా మనసు బాగాలేదు.

చాల్డన్ చర్చి చిన్నది. చుట్టూ సమాధులు, చెట్లు. లోపల పూలు సర్దుతున్న పెద్దావిడ మమ్మల్ని చూసి లైటు వేసింది. వెనక్కి తిరిగితే పడమటి గోడంతా ఎర్రమట్టి రంగు.

సుమారు 1200 నాటి బొమ్మ. 17 అడుగుల వెడల్పు, 11 అడుగుల ఎత్తు. నడుమ నిచ్చెన, దాని మీద ఎక్కేవాళ్లూ జారిపడేవాళ్లూ. పైన ఒక దేవదూత త్రాసులో ఆత్మలను తూస్తున్నాడు. కింద పెద్ద కాగులో మనుషులు ఉడుకుతుంటే దయ్యాలు శూలాలతో కలియబెడుతున్నాయి. "కుంభీపాకమే!" అనేశాను పైకే. చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిన నరకం అచ్చం ఇదే. మంటల్లో కూర్చున్న వడ్డీ వ్యాపారి డబ్బు సంచులు ఇంకా వదల్లేదు. ముళ్ల వంతెన మీద మోసం చేసిన పనివాళ్లు. అందులో దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మ) లేకుండా ఇనుము కొడుతున్న కమ్మరిని చాలాసేపు చూశాను. అక్షరం రాని రైతుకు కూడా ఇది అర్థమై ఉంటుంది.

ఈ బొమ్మ కొన్ని వందల ఏళ్లు సున్నం కింద ఉండిపోయిందట. 1869లో గోడలకు మళ్లీ సున్నం వేయబోతుంటే అప్పటి చర్చి గురువు రంగు ఆనవాళ్లు గమనించి పని ఆపించారని పెద్దావిడ చెప్పింది.

అది విన్నాక నాకు మాట రాలేదు. మా ఊరి రామాలయం మండపంలో యముడి కొలువు బొమ్మ ఉండేది. చిత్రగుప్తుడి చేతిలో చిట్టా, పక్కన దున్నపోతు. దాన్ని చూసే నేను అబద్ధానికి భయపడ్డాను. పదేళ్ల కిందట గోడలు గీకించి, నీలం ఎనామిల్ పూయించారు. సున్నమే వేసి ఉంటే బొమ్మ కిందన్నా మిగిలేది కదా అని కడుపు తరుక్కుపోయింది.

తిరుగు రైల్లోంచే తమ్ముడికి ఫోన్ చేశాను. గుడి వెనకవైపు గోడ ఇంకా పాత సున్నంతోనే ఉందట.

"నవమికి దానికీ రంగేయిస్తున్నారక్కా" అన్నాడు.

ఆ ఒక్క గోడా ఆపించమన్నాను.